కిల్‌పెక్ చర్చి: అరగంటలో చూసేద్దాం అనుకున్నాం

బర్మింగ్‌హామ్ నుంచి హెర్‌ఫర్డ్‌కి డైరెక్ట్ ట్రైన్ ఉంది, గంటన్నర పడుతుంది. మేం వెళ్ళింది అసలు హెర్‌ఫర్డ్ కేథడ్రల్‌లో ఉన్న మాప్పా ముండి కోసం, 1300 ప్రాంతంలో తోలు మీద గీసిన ప్రపంచ పటం అది. కిల్‌పెక్ అనే ఊళ్ళోని పాత చర్చి పక్కనే కదా, ఓ అరగంట చూసొద్దాం అనుకున్నాం. తీరా చూస్తే పటం దగ్గర ఇరవై నిమిషాలు, ఇక్కడ రెండున్నర గంటలు.

హెర్‌ఫర్డ్ నుంచి 9 మైళ్ళు ఉంటుంది, కారు లేకపోతే కష్టమే. వెళ్ళేటప్పుడు టాక్సీ బానే దొరికింది, రిటర్న్‌కి బుక్ చేసినవాడు మాత్రం రాలేదు, ఫోన్ చేస్తే "ఆన్ ద వే" అంటాడు, మన ఊళ్ళో ఆటోవాళ్ళే నయం.

చర్చి చిన్నది, ఎర్ర ఇసుకరాయి, చుట్టూ సమాధులు, వెనక పాత కోట దిబ్బ. 1140 ప్రాంతంలో కట్టారు. గుండ్రటి ఆర్చీలుండే రోమనెస్క్ కట్టడ శైలి ఇది, ఇంగ్లండ్‌లో దాన్నే నార్మన్ అంటారు. జనం కూర్చునే నేవ్, తర్వాత ఫాదరీలుండే చాన్సెల్, చివర అర్ధచంద్రాకారంలో ఆప్స్, మన గుళ్ళో మండపం అంతరాళం గర్భగుడి వరుసగా ఉన్నట్టే అనిపించింది నాకు. టికెట్ లేదు, డొనేషన్ బాక్స్ ఉంది, చిల్లర కాదు నోటే వేయండి.

దక్షిణం వైపు తలుపు దగ్గరే సగం టైం అయిపోయింది. పైన జీవవృక్షం, స్తంభాల మీద తీగల్లో ఇరుక్కున్న యోధులు, ఒకదాన్నొకటి మింగుతున్న పాములు, నోట్లోంచి తీగలు కక్కే మొహం చూసి మా ఆవిడ "మన గుళ్ళ మీది కీర్తిముఖం ఇక్కడికెలా వచ్చిందండీ" అంది. దాదాపు 900 ఏళ్ళవుతున్నా రాయి అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. లోపల ఆర్చి పక్కల ఒకరి మీద ఒకరు నిలబడ్డ క్రైస్తవ సెయింట్ల బొమ్మలున్నాయి.

చూరు కింద చుట్టూతా కార్బెల్స్, అంటే పైభాగాన్ని మోసే రాతి బొమ్మలు, 85 మిగిలాయంటారు. కుక్కా కుందేలూ పక్కపక్కన అచ్చం కార్టూన్‌లా ఉంటాయి, మా వాడు అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంకో పక్క షీలా నా గిగ్, కాళ్ళు చాపి యోని చూపిస్తున్న ఆడబొమ్మ, చర్చి గోడ మీద! దృష్టి తగలకుండా అని కొందరు, కామం పాపమని చెప్పడానికి అని కొందరు అంటారు. నాకైతే అలంపురం మ్యూజియంలో చూసిన, ఇలాంటి భంగిమలోనే ఉండే దేవత లజ్జాగౌరి గుర్తొచ్చింది. రెంటికీ సంబంధం ఉందని అనట్లేదు, చెక్కినవాళ్ళకి సిగ్గు లేదు, చూసే మనకే అని మాత్రం అనిపించింది. మా వాడు అడిగితే "కప్పరా" అన్నా, నమ్మలేదు.

రాత్రి హెర్‌ఫర్డ్‌లో ఓ గెస్ట్‌హౌస్‌లో ఉన్నాం, గది శుభ్రం, వేడినీళ్ళు మాత్రం ఉదయం ఎనిమిదికి అయిపోయాయి. వెజ్ వాళ్ళు పులిహోర కట్టుకెళ్ళండి, మేం టాక్సీ కోసం ఎదురుచూస్తూ ఆ సమాధుల పక్క బెంచీ మీదే తిన్నాం.