బీఆర్‌ఎంలకు కీటోనా, అన్నమా: రెండూ ఏళ్ల తరబడి చూశాక

హైదరాబాద్‌లో బీఆర్‌ఎంలు (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరాల సైకిల్ రైడ్‌లు) తొక్కేవాళ్లు నలుగురు కలిస్తే ఈ గొడవ రావాల్సిందే. కీటో పద్ధతిలో అన్నం మానేసి ఒంట్లో కొవ్వుతోనే బండి లాగించాలా, లేక గంటగంటకూ తీపి తాగుతూ పోవాలా? నేను రెండు పద్ధతుల్లోనూ పూర్తి సీజన్లు తొక్కాను. 200 నుంచి 600 కిలోమీటర్ల దాకా అన్నీ అలాగూ ఇలాగూ చూశాను. సైకిల్ మీద ఉన్నంతసేపూ పిండిపదార్థానికే నా ఓటు. అలాగని తక్కువ కార్బ్స్ (పిండిపదార్థాల) తిండిని కొట్టిపారేయను. అందులో మంచి చాలా ఉంది.

2018 ప్రాంతంలో కొబ్బరినూనె, నిమ్మకాయల డైట్ తెలుగు ఊళ్లన్నీ చుట్టేసినప్పుడే నేనూ మొదలుపెట్టాను. రోజుకు 50 గ్రాముల లోపు కార్బ్స్. గుడ్లు, పనీర్, చికెన్, ఆకుకూరలు, నెయ్యి. మొదటి వారంలోనే బరువు చకచకా దిగుతుంది. అందులో ఎక్కువ భాగం నీరే. ఒంట్లో దాచుకున్న ఒక్కో గ్రాము గ్లైకోజెన్‌తో (పిండిపదార్థం నిల్వ) పాటు దాదాపు మూడు గ్రాముల నీరు ఉంటుంది, గ్లైకోజెన్ ఖర్చయితే ఆ నీరూ పోతుంది. తర్వాత కొన్ని వారాలు కాళ్లు పీకుతాయి, చిన్న ఫ్లైఓవర్ ఎక్కాలన్నా ఆయాసం. ఆ దశ దాటాక మాత్రం నిజంగా హాయిగా ఉంటుంది. పొద్దున్నే పరగడుపున చేవెళ్ల వైపు బయల్దేరి నాలుగైదు గంటలు తొక్కొచ్చినా ఆకలి ఊసుండదు. 400 బీఆర్‌ఎంలో రాత్రి రెండింటికి పక్కవాళ్లు కడుపు పట్టుకుని కూర్చుంటే, నా కడుపు చల్లగా ఉండేది. నడుము తగ్గింది, మధ్యాహ్నం ఆఫీసులో కునుకు తగ్గింది.

దీని వెనక లెక్క కూడా సరైనదే. కండరాలు, కాలేయం కలిపి దాచుకునే గ్లైకోజెన్ సుమారు 500 గ్రాములు, అంటే 2000 కేలరీలు. బక్కపల్చటి మనిషి ఒంట్లోనైనా కొవ్వు రూపంలో పదివేల కేలరీలు సులువుగా దాటతాయి. 2016లో వోలెక్ బృందం అల్ట్రా దూరాల క్రీడాకారుల మీద అచ్చేసిన పరిశోధనలో, చాలాకాలంగా తక్కువ కార్బ్స్ తింటున్నవాళ్లు నిమిషానికి గరిష్ఠంగా ఒకటిన్నర గ్రాముల కొవ్వు కరిగించారు. మామూలు తిండి తినేవాళ్లు అందులో సగం దగ్గరే ఆగారు.

మరి తేడా ఎక్కడ వచ్చింది? ఎక్కుడులో. శ్రీశైలం దారిలో నల్లమల అడవంతా బాగానే గడిచేది. ఘాట్ దిగి కృష్ణ మీద వంతెన దాటి సున్నిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టగానే, ఉన్న ఒక్క గేరుకే అతుక్కుపోయేవాణ్ణి. నీరసం కాదు, బాంక్ అవ్వడమూ (గ్లైకోజెన్ అయిపోయి చతికిలబడడం) కాదు. శక్తి ఉంది, కానీ అడిగినంత వేగంగా రాదు. తిరుగుదారిలో అడవి గేటు రాత్రికి మూసేలోగా దాటాలన్న టెన్షన్ వేరే. అనంతగిరి కొండ మీదా ఇదే కథ. ఎదురుగాలిలో ఒకరి చక్రం వెనక ఒకరు అంటుకుని పోయే గుంపు ఒక్కసారి వేగం పెంచితే, నేను వెనకబడిపోయేవాణ్ణి.

కారణం ఆక్సిజన్. ఒక లీటరు ఆక్సిజన్‌తో పిండిపదార్థం మండితే సుమారు 5 కేలరీలు వస్తాయి, కొవ్వు మండితే 4.7. చదును రోడ్డు మీద ఈ తేడా తెలియదు, ఊపిరి అందని చోట తెలుస్తుంది. 2017లో లూయీస్ బర్క్ బృందం ఆస్ట్రేలియాలో మేటి రేస్ వాకర్ల (నడక పోటీల క్రీడాకారుల) మీద ఇదే చూపించింది. కొవ్వు తిన్నవాళ్ల ఒళ్లు కొవ్వు కరిగించడం బాగా నేర్చుకుంది, కానీ అదే వేగానికి ఎక్కువ ఆక్సిజన్ అడిగింది. శిక్షణ అయ్యాక కార్బ్స్ తిన్నవాళ్ల 10 కిలోమీటర్ల టైమింగ్ మెరుగుపడింది, వీళ్లది పడలేదు. కీటో అభిమానులు ఎప్పుడూ చూపించే 1983 నాటి ఫిన్నీ ప్రయోగంలో ఉన్నది ఐదుగురు సైక్లిస్టులు. నాలుగు వారాల తర్వాత కూడా వాళ్లు ఇంచుమించు మునుపటంతసేపే తొక్కగలిగారు. అయితే ఆ తొక్కుడు నిలకడైన, మధ్యస్థమైన తొక్కుడు. నా అనుభవం రెండింటికీ సరిపోయింది.

‘మనం రేసర్లం కాదు కదా, నిదానంగా పోయేవాళ్లకి ఈ లెక్కలెందుకు’ అని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ప్రొఫెషనల్ రైడర్ ఆడుతూ పాడుతూ ఎక్కే ఘాట్‌లో మనలాంటివాళ్లు పూర్తి దమ్ము పెట్టాల్సిందే. గడువు 200కి 13.5 గంటలు, 600కి 40 గంటలు అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. ఒక పంక్చర్, కాస్త ఎదురుగాలి చాలు, మిగిలిన దూరమంతా గట్టిగా తొక్కాల్సి వస్తుంది.

ఇంకో రెండు ఇబ్బందులు. కార్బ్స్ బాగా తగ్గిస్తే ఇన్సులిన్ తగ్గి, కిడ్నీలు ఉప్పును ఎక్కువగా బయటికి పంపేస్తాయి. మన ఏప్రిల్ ఎండలో చెమటతో పోయేది దానికి తోడు. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యేవి, మజ్జిగలో మామూలుకంటే రెట్టింపు ఉప్పు వేసుకుంటే గానీ తేరుకునేవాణ్ణి కాదు. రెండోది హైవే మీద తిండి. తెల్లవారుజామున తెరిచి ఉండే బండి దగ్గర ఇడ్లీ, ఉప్మా, చాయ్, బిస్కెట్. మహా అయితే ఆమ్లెట్. ఉన్నదంతా వదిలేసి లేనిదాని కోసం వెతకడం అలసిన మనిషికి శిక్షే.

ఇప్పుడు నేను చేసేది. 750 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాముల పంచదార, పావు చెంచా పైన ఉప్పు, అర నిమ్మచెక్క. గంటలో అది ఖాళీ అవ్వాలి. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. పేగుల్లో రెండూ వేర్వేరు దారుల్లో లోపలికి వెళ్తాయి. ఒక్క గ్లూకోజే అయితే గంటకు 60 గ్రాముల దగ్గర ఆగిపోతుంది, రెండూ కలిస్తే 90 దాకా పోవచ్చు. వంద రూపాయల చుట్టుపక్కల ఉండే జెల్ ప్యాకెట్‌లో ఉండేదీ ఈ జాతి సరుకే. ఇక్కడ ఖర్చు మూడు రూపాయలు.

సీసాకి తోడు పులిహోర ఉండలు. సోనామసూరి అన్నం కాస్త మెత్తగా వండి, చింతపండు పులుసు గట్టిగా పట్టించి, కారం బాగా తగ్గించి, పల్లీలూ శనగపప్పూ లేకుండా కలుపుతాను. ఎగశ్వాస మీద ఉన్నప్పుడు పప్పులు నమలడం కష్టం, గొంతులో పడితే ప్రమాదం. నిమ్మకాయకంటే కాస్త పెద్ద ఉండలు, ఒక్కోటి ఫాయిల్‌లో చుట్టి హ్యాండిల్‌బార్ సంచిలో. 100 గ్రాముల అన్నంలో 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి కాబట్టి గంటకు రెండు చిన్న ఉండలు చాలు. పెరుగన్నం తినడానికి ఇంతకంటే హాయి, కానీ మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఓఆర్‌ఎస్‌ను ఇంధనం అనుకోవద్దు. లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే, అది ఉప్పూ నీళ్ల కోసం.

మొదట్లో ఈ మోతాదుకు కడుపు ఉబ్బుతుంది. గంటకు 40 గ్రాములతో మొదలుపెట్టి వారాల మీద పెంచాలి, కాళ్లలాగే పేగులకూ అలవాటు కావాలి. పళ్లకు మంచిది కాదు, మధ్యమధ్య నీళ్లు పుక్కిలిస్తాను. తొక్కని రోజు కూడా ఇలాగే తింటే బరువు తిరిగొచ్చేస్తుంది. అందుకే ఆ రోజుల్లో అన్నం ఒకపూటే, మిగతాది కీటో రోజుల నుంచి నిలిచిపోయిన గుడ్లూ కూరలే.

షుగర్ ఉన్న మిత్రులకు ఒక గట్టి మాట. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతూ కార్బ్స్ ఒక్కసారిగా తగ్గిస్తే కీటోఅసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు. అప్పుడు మీటర్‌లో షుగర్ మరీ ఎక్కువ చూపించకపోవచ్చు కూడా, అందుకే అది ప్రాణాంతకం. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు రోడ్డు మీద షుగర్ పడిపోయే భయం. డాక్టర్‌తో మాట్లాడకుండా ఏ పద్ధతీ మొదలుపెట్టకండి.

ఒక్కటి మాత్రం ఇప్పటికీ నాకు కుదరలేదు. 600లో రెండో పగలు వచ్చేసరికి తీపి వాసన చూస్తేనే నోరు మూసుకుపోతుంది. ఉప్పు బిస్కెట్లు, చట్నీ లేని ఇడ్లీ, అల్లం చాయ్‌తో నెట్టుకొస్తున్నాను, కానీ గంటకు 40 గ్రాములు దాటడం లేదు. ఆ వేళకు గొంతు దిగేది మీకేదైనా తెలిస్తే, అది ఎండలో పాడవకుండా ఎంతసేపు ఉంటుందో కూడా చెప్పండి.