మట్టి బాట మీద ఆరు నెలలు: నా ఆఫ్‌రోడ్ మొబిలిటీ స్కూటర్

మామూలు మొబిలిటీ స్కూటర్‌తో, అంటే నడవడం కష్టమైనవాళ్లు కూర్చుని నడుపుకునే బ్యాటరీ బండితో, తారు రోడ్డు దాటి వెళ్లలేకపోయేదాన్ని. చిన్న చక్రాలు, కాస్త గులకరాళ్లు కనిపిస్తే చాలు టెన్షన్. ఆరు నెలల కిందట ఈ నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ స్కూటర్ తీసుకున్నాక మొదటిసారి ఇంట్లోవాళ్లతో పాటు అడవి బాటలో వాగు దాకా వెళ్లాను, వాళ్లు తిరిగొచ్చేదాకా కారులో కూర్చోలేదు. ఆ రోజు ఏడ్చాను.

పెద్ద గాలి టైర్లు, సస్పెన్షన్ వల్ల కుదుపులు బాగా తగ్గాయి. నాకు అన్నిటికన్నా నచ్చింది బ్రేకు: బండిని నడిపే లివర్ వదిలేస్తే చాలు, విద్యుదయస్కాంత బ్రేకు దానంతట అదే పడి బండి ఏటవాలులో కూడా నిలబడిపోతుంది, చేతుల్లో పట్టు తక్కువున్న నాలాంటివాళ్లకు ఇది ఎంత ధైర్యమో చెప్పలేను. అయితే బండిని తోయడానికి ఇచ్చిన ఫ్రీవీల్ లివర్ వేస్తే ఆ బ్రేకు పట్టదు, వాలులో దాన్ని అసలు ముట్టుకోవద్దు. వాలుకు అడ్డంగా కూడా నడపకండి, పక్కకు పడిపోవచ్చు. నేరుగా ఎక్కండి, నేరుగా దిగండి.

కంపెనీ చెప్పే కిలోమీటర్లు చదునైన నేల లెక్క. ఎత్తులు, బురద, చలి ఉంటే చాలా తగ్గుతాయి, నేనైతే చార్జి సగానికి రాకముందే వెనక్కి తిరుగుతాను. బరువు ఎక్కువ, వ్యానూ ర్యాంపూ కావాలి.

నా కోపమంతా దారుల మీదే. బైకులు రాకుండా అని బాట మొదట్లో ఇరుకు గేటు, పక్కనే రెండు మెట్లు, ఇంత మంచి బండి అక్కడే ఆగిపోతుంది. వెళ్లేముందు ఫోన్ చేసి గేటు వెడల్పు ఎంతో అడగండి, వీల్‌చైర్ పడుతుందా అంటే చూడకుండానే పడుతుందనేస్తారు.