పాత పేజ్‌మేకర్ సిస్టం ఉన్నదున్నట్టుగా వర్చువల్‌బాక్స్‌లో: ఏళ్ల వాడకం తర్వాత

విజయనగరంలో శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ సెంటర్లలో ఓ మూల విండోస్ 7 పెట్టె ఒకటి ఇంకా నడుస్తూనే ఉంటుంది. అందులో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్, ఏళ్ల తరబడి పేరుకున్న ఫైళ్లు. సీడీలు ఎప్పుడో పోయాయి, సీరియల్ నంబరు రాసిన కాగితం జాడ లేదు. మదర్‌బోర్డు పోతే పని అక్కడితో సరి. అలాంటి సిస్టంని మళ్లీ ఇన్‌స్టాల్ చేసే గొడవ లేకుండా, డిస్కులో ఉన్నది ఉన్నట్టు కొత్త కంప్యూటర్లో వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేరుతో వర్చువల్ మెషీన్‌గా (కంప్యూటరు లోపలే నడిచే ఇంకో ఉత్తుత్తి కంప్యూటరుగా) ఎక్కించి కొన్నేళ్లుగా రోజూ వాడుతున్న మీదట రాస్తున్న సమీక్ష ఇది. బాగానే పనిచేస్తుంది. డిస్కుని ఫైలుగా మార్చడం తేలికే. తిప్పలు పెట్టేది మొదటి బూటు, ఆ తర్వాత ప్రింటరు.

డిస్కుని ఫైలు చేయడానికి మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల డిస్క్2వీహెచ్‌డీ చాలు, ఉచితం. పాత సిస్టం నడుస్తుండగానే కాపీ తీస్తుంది. వీహెచ్‌డీఎక్స్ అనే టిక్ తీసేసి మామూలు వీహెచ్‌డీగా (వర్చువల్ డిస్కు ఫైలుగా) తీసుకోండి, వర్చువల్‌బాక్స్‌కి అదే సుఖం. సీ డ్రైవుతో పాటు ‘సిస్టం రిజర్వ్‌డ్’ అనే 100 ఎంబీ చిన్న పార్టిషన్ కూడా టిక్ పెట్టాలి. బూట్ ఫైళ్లు అందులోనే ఉంటాయి, చిన్నదే కదా అని వదిలేస్తే మెషీన్ లేవదు. ఫైలు రాసే బయటి డిస్కు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉండాలి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటగానే ఆగిపోతుంది. ఇంకో సంగతి: తయారైన వీహెచ్‌డీని అదే పాత సిస్టంలో తెరిచి చూడొద్దు. ఒకే డిస్క్ సంతకం రెండుచోట్ల కనబడితే విండోస్ ఒకదాని సంతకం మార్చేస్తుంది, ఆపైన ఆ కాపీ బూట్ కాదు. డిస్కు టిక్కుటిక్కుమంటూ చదవడానికి మొరాయిస్తుంటే ఈ దారి వద్దు. లినక్స్ లైవ్ పెన్‌డ్రైవుతో బూట్ చేసి, పాడైన డిస్కు నుంచి డేటా లాగే డీడీ‌రెస్క్యూతో ముడి ఇమేజ్ తీసి, దాన్ని వర్చువల్‌బాక్స్ సొంత డిస్కు ఫైలు రకమైన వీడీఐగా మార్చుకోవాలి.

ఇక అసలు గండం. ఆ ఫైలుని డిస్కుగా పెట్టి వర్చువల్‌బాక్స్‌లో కొత్త మెషీన్ ఆన్ చేయగానే విండోస్ బొమ్మ ఒక్క క్షణం కనబడి, నీలి తెర మీద 0x0000007B వస్తుంది. డిస్కు పాడైందని కంగారు పడనక్కర్లేదు. పాత బోర్డు మీది డిస్క్ కంట్రోలరు (డిస్కుని నడిపించే భాగం) వేరు, వర్చువల్‌బాక్స్ ఇచ్చేది వేరు. ఈ కొత్త కంట్రోలరు డ్రైవరుని బూటు వేళకి లేపమని విండోస్‌కి ఎవరూ చెప్పలేదు, అంతే. కాబట్టి కాపీ తీయకముందే, పాత సిస్టంలోనే విండోస్ రిజిస్ట్రీని మార్చే రెగ్‌ఎడిట్ తెరవండి. హెచ్‌కీ లోకల్ మెషీన్‌లో సిస్టం, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్ దాకా వెళ్లి, ఎంఎస్‌ఎహెచ్‌సీఐ, పీసీఐఐడీఈ, ఇంటెల్‌ఐడీఈ, అటాపీ అనే ఈ నాలుగు డ్రైవర్లలోనూ ‘స్టార్ట్’ విలువ 0 చేయండి. 3 అని ఉంటే అడిగినప్పుడే లేస్తుంది, 0 అయితే బూట్‌తోనే లేస్తుంది. నాలుగూ 0 అయ్యాక కంట్రోలరు సాటా పెట్టినా, ఐడీఈ పెట్టినా మెషీన్ లేస్తుంది. పాత పెట్టె అప్పటికే చచ్చిపోయి డిస్కు మాత్రమే మిగిలితే, విండోస్ 7 ఇన్‌స్టాల్ డీవీడీతో వర్చువల్ మెషీన్‌ని బూట్ చేసి, రిపేర్‌లోని కమాండ్ ప్రాంప్ట్ నుంచి రెగ్‌ఎడిట్‌లో ఆ సిస్టం హైవ్‌ని (రిజిస్ట్రీ ఫైలుని) ‘లోడ్ హైవ్’తో తెచ్చుకుని మార్చాలి. అక్కడ కరెంట్‌కంట్రోల్‌సెట్ అనే పేరు కనబడదు, సాధారణంగా కంట్రోల్‌సెట్001లో ఉంటుంది.

మెషీన్‌కి 2 జీబీ ర్యామ్, రెండు కోర్లు, 128 ఎంబీ వీడియో మెమరీ ఇస్తే పేజ్‌మేకర్‌కి ఎక్కువే. దీన్ని నడిపే అసలు కంప్యూటర్లో 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండాలి. మామూలు హార్డ్ డిస్కు మీద పెట్టి వాడితే విసుగు తప్ప ఏమీ మిగలదు. బయాస్‌లో ప్రాసెసరు వర్చువలైజేషన్ సౌకర్యం, అంటే వీటీ-ఎక్స్ లేదా ఏఎండీ-వీ, ఆన్ చేయాలి. అన్నీ సరిగా ఉన్నా నత్తనడక నడుస్తుంటే కింది పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ ఉందేమో చూడండి. ఉంటే విండోస్ సొంత వర్చువల్ మెషీన్ వ్యవస్థ హైపర్-వీ అడ్డుపడుతున్నట్టు. కోర్ ఐసొలేషన్‌లో మెమరీ ఇంటెగ్రిటీ ఆపి, హైపర్-వీ తీసేసి, రీస్టార్ట్ చేస్తే చాలామటుకు తాబేలు పోతుంది.

ప్రింటర్ విషయం అనుభవం మీదే తెలుస్తుంది. పేజ్‌మేకర్ పేజీని ఏదో ఒక ప్రింటరుని మనసులో పెట్టుకునే కూరుస్తుంది. పాత ఫైలు తెరిచినప్పుడు ఆ ప్రింటరు కనబడకపోతే కొత్తదానికి తగ్గట్టు మళ్లీ కూర్చమంటారా అని అడుగుతుంది. సరే అంటే లైన్లు జారి, శుభలేఖలో ఆహ్వానించువారి పేర్లు కిందికి దిగిపోవచ్చు. అందుకే పాత లేజర్ ప్రింటరు మూలన పడేసినా, దాని డ్రైవరుని లోపలి విండోస్ నుంచి తీసేయొద్దు. బయటికి మాత్రం పీడీఎఫ్‌గా పంపి, ఫాంట్లు ఎంబెడ్ అయ్యాయో లేదో చూసుకుని, అసలు కంప్యూటరు నుంచి ప్రింట్ కొట్టుకోవడం మేలు.

అను ఫాంట్లు యూనికోడ్ కావు. కాబట్టి లోపలి అక్షరాన్ని కాపీ చేసి బయట వాట్సాప్‌లో పేస్ట్ చేస్తే ఇంగ్లీషు గజిబిజి వస్తుంది. అది వర్చువల్ మెషీన్ తప్పు కాదు, పాత పెట్టెలోనూ అంతే. కీబోర్డు మాత్రం నిక్షేపంగా ఉంది. యాపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్‌లో టైపు చేసేవాళ్లకి తేడా తెలీదు. కుడివైపు కంట్రోల్ మీట అలవాటుగా వాడేవాళ్లు హోస్ట్ కీని (వర్చువల్‌బాక్స్ తనకోసం ఉంచుకున్న మీటని) వేరేదానికి మార్చుకోవాలి, లేకపోతే అది వర్చువల్‌బాక్స్ తినేస్తుంది.

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగిపోయింది, కాబట్టి దాన్ని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచాలి. నెట్‌వర్క్ అడాప్టర్‌ని ‘నాట్ అటాచ్డ్’ చేసి, ఫైళ్ల రాకపోకలు లోపలి విండోస్‌లో వేసే గెస్ట్ అడిషన్స్ ఇచ్చే షేర్డ్ ఫోల్డరుతో నడిపిస్తే చాలు, దానికి నెట్‌వర్క్ అక్కర్లేదు. పేజ్‌మేకర్ ఫైలుని నేరుగా షేర్డ్ ఫోల్డరులోంచి తెరవకండి. లోపలి డ్రైవులోకి కాపీ చేసుకుని పని ముగిశాక తిరిగి పంపండి.

మనవైపు కరెంటు సంగతి తెలిసిందే, తుపాను గాలి లేస్తే ఇక చెప్పక్కర్లేదు. ఐడీఈ కంట్రోలరుకి ‘యూజ్ హోస్ట్ ఐ/ఓ క్యాష్’ అనేది ముందే టిక్ అయి ఉంటుంది. అంటే లోపలి విండోస్ రాశాననుకున్నది ఇంకా బయటి ర్యామ్‌లోనే ఉండొచ్చు. కరెంటు పోతే ఫైలు సిస్టం దెబ్బతినేది అప్పుడే. ఆ టిక్ తీసేయండి. సాటా కంట్రోలరుకి మామూలుగానే ఉండదు. యూపీఎస్ కూత పెట్టగానే మెషీన్‌ని ‘సేవ్ స్టేట్’ చేస్తే కొద్ది సెకన్లలో పని భద్రం. స్నాప్‌షాట్లని (మెషీన్ అప్పటి స్థితిని దాచిపెట్టేవి) బ్యాకప్ అనుకుని పోగేయడం నాకు నచ్చదు. గొలుసు పెరిగేకొద్దీ డిస్కు తింటాయి, కలిపేటప్పుడు ఇంకా చోటు అడుగుతాయి. మెషీన్ పూర్తిగా ఆపి వీహెచ్‌డీ లేదా వీడీఐ ఫైలుని బయటి డిస్కుకి కాపీ చేయడమే అసలైన బ్యాకప్. దసరా తర్వాత మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ వస్తుంది కదా, ఆ హడావుడి మొదలవకముందే ఒకటి తీసి పెట్టుకోవాలి.

లైసెన్సు గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. హార్డ్‌వేరు మారింది కాబట్టి విండోస్ మళ్లీ యాక్టివేషన్ అడుగుతుంది. పెట్టె మీద అతికించి వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ పెట్టెకే చెల్లుతుంది, రిటైల్‌ది అయితే మార్చుకోవచ్చు. సాఫ్ట్‌వేరుకి యూఎస్‌బీ తాళం (అది గుచ్చితేనే సాఫ్ట్‌వేరు నడిచే డాంగిల్) ఉంటే యూఎస్‌బీ ఫిల్టర్ పెట్టి లోపలికి పంపొచ్చు. వర్చువల్‌బాక్స్ 7.0 నుంచి యూఎస్‌బీ 2, 3 కంట్రోలర్లకి ఎక్స్‌టెన్షన్ ప్యాక్ అక్కర్లేదు. వెనకటి ప్యారలల్ పోర్టు తాళమైతే మాత్రం ఈ దారి పట్టొద్దు. అలాంటి వాళ్లు పాత మోడల్ మదర్‌బోర్డు ఇంకొకటి సెకండ్ హ్యాండ్‌లో కొని అట్టేపెట్టుకోవడమే చవక.