మా ఓళిగల అంగడికి బోర్డు చేసిచ్చిన అక్క

అనంతపురం కమలానగర్‌లో ఓళిగల (బొబ్బట్ల) అంగడి పెట్టినప్పుడు బోర్డు, కరపత్రాల పని సుభాష్ రోడ్డు పక్క సందులోని ఒక యాడ్ ఏజెన్సీకి ఇచ్చాను. నడిపేది ఒక అక్క. పదమూడేళ్ల కిందట అక్కడే డీటీపీ ఆపరేటర్‌గా చేరిందట. ఇప్పుడు ఏజెన్సీ ఆమెదే, కింద ఆరుగురు పనిచేస్తున్నారు.

నేను రాసుకెళ్లిన పది లైన్లు చదివి, "తమ్ముడూ, బండి మీద పోయేవాడు ఇంత చదవడు. నీ దగ్గరికి వచ్చినోళ్లు మొదట ఏం అడుగుతారు?" అంది. నెయ్యా, నూనెనా అని అడుగుతారన్నాను. "నెయ్యి ఓళిగలు, అప్పటికప్పుడు వేడిగా" అని రెండు ముక్కలే పెట్టింది. ప్రింట్ తీసి ఎదురు గోడకు అంటించి, రోడ్డు దాటి నిలబడి చదివింది. "వేడిగా" కనబడలేదని అక్షరాలు పెంచింది. అంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు.

గోడ మీద మేరీ వెల్స్ లారెన్స్ ఫొటో ఉంది. 1966లో న్యూయార్క్‌లో సొంత ఏజెన్సీ పెట్టి, న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో నమోదైన కంపెనీకి తొలి మహిళా సీఈఓ అయినావిడ. ప్రకటనలకు మాటలు రాస్తూ పైకొచ్చిందని అక్క గర్వంగా చెప్పింది.

ఒక లోటు: కరపత్రాలు ఒకరోజు ఆలస్యమయ్యాయి, ఓపెనింగ్ ముందు చాలా టెన్షన్ పడ్డాను. అక్కే ఫోన్ చేసి తప్పు ఒప్పుకుని, తెల్లవారి నాలుగున్నరకు పేపర్ బాయ్స్ దగ్గర నిలబడి పేపర్లలో పెట్టించింది. దసరాకు మళ్లీ ఆమెకే ఇస్తున్నాను.