రేసు మానేసిన గుర్రానికి వెనక కాళ్ల మీద బరువు మోయడం నేర్పాలంటే: డ్రా రెయిన్సా, తాడా, ఏటవాలు నేలా?

రేసు గుర్రాన్ని సవారీకి తెచ్చుకున్న చాలామందికి మొదటి నెలలోనే ఒక టెన్షన్ మొదలవుతుంది. ఆపుదామని పగ్గం బిగిస్తే అది ఆగకపోగా ఇంకా ముందుకు లాగుతుంది. అది మొండితనం కాదు, పరుగు నేర్చుకున్న రోజుల నుంచీ ఆ బిగువును ఆనుకునే దౌడు తీసింది. జాకీ రికాబుల మీద లేచి ఉంటాడు కాబట్టి వీపు మీద మనిషి కుదురుగా కూర్చోవడం కూడా దానికి కొత్తే. వెనక కాళ్లలో బలానికి లోటేం లేదు, కానీ ఆ బలమంతా నేలను వెనక్కి తన్నడానికే అలవాటు పడింది. కాలు పొట్ట కిందికి వచ్చి బరువు మోయాలని దానికి తెలియదు. ఊరికే నిలబడి ఉన్నప్పుడే గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ల మీద ఉంటుంది, మనం ఎక్కితే ఆ కాళ్లకే భారం ఇంకా పెరుగుతుంది.

త్వరగా మార్పు కనిపించేది డ్రా రెయిన్స్‌తోనే, అంటే మామూలు పగ్గాలకు తోడుగా కట్టే పొడవాటి పగ్గాలు. పొట్ట కింది జీను పట్టీ దగ్గర మొదలై కళ్లెం రింగుల్లోంచి మన చేతికి వస్తాయి కాబట్టి కప్పీ వేసినట్టు లాగుడు బలం పెరుగుతుంది. తల దిగుతుంది, మెడ వంగుతుంది, చూసేవాళ్లు బాగుందంటారు. అప్పుడు వెనక్కి వెళ్లి చూడండి, నడుము బిగుసుకుపోయి ఉంటుంది, వెనక డెక్కలు ఎక్కడ పడేవో అక్కడే పడుతుంటాయి. తల దించడం వేరు, వెనక కాళ్లు లోపలికి తేవడం వేరు. చెయ్యి బాగా తిరిగినవాళ్లు కాసేపు వాడి వదిలేస్తారేమో, నేనైతే రేసు నుంచి కొత్తగా వచ్చిన గుర్రానికి వాడను.

పొడవాటి తాడుతో గుండ్రంగా తిప్పడంలో మంచి ఏంటంటే, వీపు మీద మనిషి బరువు ఉండదు, కాలు ఎక్కడ పడుతోందో మనకు కళ్లారా కనిపిస్తుంది. ముందు డెక్క గుర్తు మీదికి వెనక డెక్క వస్తోందా లేదా అన్నదే చూడాల్సింది. కానీ చిన్న వలయంలో ఎక్కువసేపు తిప్పితే కీళ్ల మీద భారం పడుతుంది, తాడు కట్టగానే దౌడు తీసే గుర్రమైతే మరీ ప్రమాదం. కనీసం 15 నుంచి 20 మీటర్ల వ్యాసం ఉన్న వలయం పెట్టుకుని, రెండు వైపులా కలిపి 15, 20 నిమిషాల్లో ఆపేయాలి. దీనికంటే రెండు పొడవాటి పగ్గాలు పట్టుకుని వెనకాల నడుస్తూ తోలడం నాకు నచ్చుతుంది, తిన్నగా నడిపించొచ్చు, పైగా చాలా గుర్రాలకు జీను అలవాటు చేసిన రోజుల్లోనే ఇది పరిచయమై ఉంటుంది.

నా ఓటు మాత్రం ఏటవాలు నేలకే. ఎక్కేటప్పుడు కాలు లోపలికి వేస్తే తప్ప ఒంటిని పైకి నెట్టలేదు, నెమ్మదిగా దిగేటప్పుడు పిరుదులు కిందికి దించితే తప్ప ఒంటిని నిలుపుకోలేదు, అంటే మనం చెప్పాల్సిన పాఠం నేలే చెబుతుంది, పగ్గాలతో పోట్లాట ఉండదు. మొదటి వారాల్లో నడకే చాలు. చుట్టుపక్కల వాలు లేనివాళ్లు నేల మీద కర్రలు పరిచి, ట్రాట్‌కి (నడకకీ దౌడుకీ మధ్య ఉండే పరుగుకి) కర్రకీ కర్రకీ మధ్య సుమారు 1.3 మీటర్ల దూరం నుంచి మొదలుపెట్టి, గుర్రం అడుగును బట్టి సర్దుకోవచ్చు. ఆ తర్వాతే జీను మీద పని: నడక నుంచి నిలుపు, ట్రాట్ నుంచి నడక, మళ్లీ ట్రాట్, ఇలా మాటిమాటికీ మార్చడం. ఆపేటప్పుడు చేత్తో లాగకుండా ముందు మన నడుము నిలపాలి. పగ్గం అంటే వేగం అనుకున్న గుర్రానికి ఆ అర్థం పోవాలంటే ఇంతకంటే దారి లేదు.

వీటన్నిటికంటే ముందు డాక్టర్‌కి చూపించండి. రేసు గుర్రాల్లో కడుపు పుళ్లు చాలా మామూలు. వెన్నుపూసలు ఒకదానికొకటి రాసుకోవడం, తుంటి దగ్గర నొప్పి కూడా ఉండొచ్చు. క్యాంటర్‌లో (ట్రాట్ కంటే వేగమైన పరుగులో) వెనక కాళ్లలో ముందు పడే కాలును మార్చేస్తున్నా, జీను బిగిస్తుంటే చెవులు వెనక్కి పెడుతున్నా నేర్పడం ఆపి కారణం వెతకాలి. నొప్పి ఉన్న నడుమును వంచమంటే ఏ జీవి మాత్రం వంచుతుంది?

నేను ఇలా పని చేయించిన ఒక గుర్రం చాలా వారాల పాటు మెడ ఎత్తుకునే నడిచింది. ఒకరోజు వాలు ఎక్కి పైకి వచ్చాక ట్రాట్‌లో దానంతటదే మెడ చాచింది, ముక్కుతో గట్టిగా ఊపిరి వదిలింది, జీను కింద వీపు పైకి లేచింది. నాలుగడుగులు, అంతే. వెంటనే దిగి జీను తీసేశాను, ఆ రోజుకి ఇంకేం అడగలేదు.