పంటి రంగు ఫోటోలో ఉన్నదున్నట్టు రావాలంటే: గ్రే కార్డుతో మూడేళ్లు

తిరుపతిలో మా పళ్ల క్లినిక్ నుంచి పంటి క్యాపులన్నీ చెన్నై ల్యాబుకే వెళ్తాయి. అక్కడి టెక్నీషియన్ పేషెంటును చూడడు, నా ఫోటోనే చూస్తాడు. చంద్రగిరి నుంచి వచ్చిన ఒక టీచరమ్మకు ముందు పన్ను క్యాప్ రెండుసార్లు రంగు కలవలేదు. "స్లిప్పులో ఏ2 అని రాశారు, ఫోటోలో ఏ3 కన్నా పచ్చగా ఉంది సార్, దేన్ని నమ్మమంటారు?" అని టెక్నీషియన్ ఫోన్లో అడిగాడు. ఏ2, ఏ3 అంటే పంటి రంగుల కోడ్‌లు, ఏ3 కాస్త ముదురు. రెండోసారి ఆమె అద్దంలో చూసుకుని, ఏమీ అనకుండా పెదవులు మూసుకుంది. ఆ వారమే వైబాల్ బ్రాండు గ్రే కార్డు తెప్పించాను. ఫోటోలో పెట్టి, తర్వాత రంగులు సరిచేసుకోవడానికి వాడే బూడిదరంగు కార్డు అది.

అప్పటిదాకా నా దగ్గరున్నది చవక రకం 18 శాతం గ్రే కార్డు. తప్పు దానిదే. ఆ రకం కార్డులు వెలుగు కొలవడానికి పుట్టినవి. గ్రేలో కాస్త నీలం కలిసినా వెలుగు లెక్క చెడదు. కానీ దాన్నే అసలైన గ్రే అని సాఫ్ట్‌వేర్‌కు చూపిస్తే, ఆ నీలాన్ని తీసేయడానికి ఫోటో మొత్తానికీ పసుపు కలుపుతుంది. పళ్లు పచ్చబడింది అందుకే. కొత్త కార్డుతో మూడో క్యాప్ పక్క పంటితో కలిసిపోయింది.

ఇప్పుడు పెదవులను పక్కకు లాగి ఉంచే రిట్రాక్టర్ పెట్టగానే, మత్తు ఇంజెక్షన్ కన్నా ముందే షేడ్ ఫోటో, అంటే పంటి రంగు ఫోటో తీస్తాను. నోరు తెరిచి ఉంచితే కొద్ది నిమిషాల్లోనే పన్ను ఆరిపోయి, ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. షేడ్ ట్యాబ్ (రంగు పోల్చడానికి వాడే నమూనా పన్ను) అంచు పంటి అంచుకు ఎదురుగా, ముందుకూ వెనక్కూ పోకుండా పట్టుకోవాలి. కార్డు దాని కిందే. కెమెరాకు 100 ఎంఎం మాక్రో లెన్స్, ఎఫ్22, 1/125, ఐఎస్ఓ 200, రా ఫైల్ (కెమెరా రంగులు మార్చకుండా దాచే ఫైలు). ఈ సెట్టింగుల్లో ఫోటోకు వెలుగంతా ఫ్లాష్‌దే, గదిలో ట్యూబులైటు ఏదైనా ఫర్వాలేదు. తర్వాత ఫోటోలు సరిచేసే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో, ఇదే అసలైన గ్రే అని చూపించే డ్రాపర్‌తో కార్డు మీద ఒక్క క్లిక్.

నేను ఊహించని మేలు ఒకటి జరిగింది. క్లిక్ చేశాక లైట్‌రూమ్ చూపే టెంపరేచర్ అంకె (వెలుగు రంగును చెప్పే అంకె, తగ్గితే వెలుగు పసుపెక్కినట్టు) ఎప్పుడూ 5600 దగ్గర ఆగేది, రెండో ఏడు మెల్లగా 5200కు దిగింది. ఫ్లాష్ పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. ఫ్లాష్ ముందుండే డిఫ్యూజర్ (వెలుగును మెత్తబరిచే ప్లాస్టిక్ ముక్క) విప్పి తెల్లకాగితం మీద పెడితే తెలిసింది, ప్లాస్టిక్ పసుపెక్కింది. కార్డు లేకపోతే ఆ పసుపంతా పేషెంట్ల పళ్ల ఖాతాలో పడేది.

లోపాలూ ఉన్నాయి. కార్డు కాస్త వంగితే ఫ్లాష్ మెరుపు దానిమీదే పడుతుంది, అప్పుడు ఆ ఫోటో వృథా. నోటి దగ్గరకు చిన్న సైజే తీసుకోండి, పెద్దది గడ్డానికి తగులుతుంది. డ్రాపర్ క్లిక్ రంగునే సరిచేస్తుంది, వెలుగు ఎక్కువతక్కువల్ని కాదు. అందుకే ఫ్లాష్ మాన్యువల్‌లోనే ఉంచి, దూరం మార్చకుండా తీస్తాను. మెరుపు పోవడానికి పోలరైజింగ్ ఫిల్టర్ తగిలిస్తే, దానికీ సొంత రంగు ఉంటుంది కాబట్టి, ఆ ఫిల్టర్‌తోనే కార్డును మళ్లీ తీయాలి.

వైబాల్ కార్డుకు గీతలు పడ్డా భయం లేదు. రంగు పైపూత కాదు, ప్లాస్టిక్ లోపలిదాకా అదే గ్రే. ఫైలును మాత్రం వాట్సాప్‌లో మామూలు ఫోటోలా పంపకండి. నేను రా ఫైలే డ్రైవ్‌లో పెడతాను, ల్యాబువాళ్లు కార్డు మీద వాళ్లే క్లిక్ చేసుకుంటారు.