హెచ్‌ఎంటీ జనతా: ముళ్లు సరిచేయించాక

నల్లగొండ డిపోలో కండక్టర్‌ని. ఏళ్లుగా నా చేతికి ఉండేది హెచ్‌ఎంటీ జనతా, 17 జ్యువెల్స్ (చక్రాల ఇరుసులు అరగకుండా లోపల పెట్టే బుల్లి రాళ్లు) ఉన్న కీ వాచీ. "టికెట్ మిషన్‌లో టైమ్ కనబడతది కదన్నా, ఈ పాతదెందుకు" అంటుంటాడు మా డ్రైవర్. దేవరకొండ బండిలో జనం కిక్కిరిసి, ఒక చేత్తో రాడ్ పట్టుకుని నిలబడ్డప్పుడు మణికట్టు తిప్పి చూసుకోవడమే సులువు.

నడకకు వంక పెట్టలేను. పొద్దున కీ ఇస్తే మర్నాడు పొద్దుటిదాకా ఢోకా లేదు. రోజుకు ఒకటి రెండు నిమిషాలు ముందుకు పోతుంది. కండక్టర్‌కి అది మంచిదే. వానకు మాత్రం ఓర్వదు, చినుకు పడితే క్యాష్ బ్యాగులోకి పోవాల్సిందే.

ఇక ముళ్ల సంగతి. ఒకచోట సర్వీసింగ్ చేయించి తెచ్చుకున్నాక చూస్తే, పెద్ద ముల్లు 12 మీద ఉన్నప్పుడు చిన్నది అంకె దాటి ఒక గీత ముందుంది. ఒక్క గీతేగా అని వదిలేయొద్దు. చిన్న ముల్లు ఒక గీత జరగడానికి 12 నిమిషాలు పడుతుంది. అంటే 4:55కే అది 5 దాటేసి కూర్చుంటుంది, తొందరలో చూసేవాడు 5:55 అనుకుంటాడు. బస్టాండ్‌లో ఇంతకన్నా టెన్షన్ ఏముంటుంది?

కీ లాగి ఎంత తిప్పినా ఇది పోదు. పెద్దది 12 చుట్లు తిరిగితే చిన్నది ఒక చుట్టు తిరిగేలా లోపల పళ్ల చక్రాలు రెండింటినీ కలిపి ఉంచుతాయి. కాబట్టి తేడా కూడా వాటితోపాటే తిరుగుతుంది. ముల్లు ఊడదీసి మళ్లీ కూర్చోబెట్టాల్సిందే.

మెకానిక్ దగ్గరికి పోయే ముందు 3, 6, 9, 12 గంటల దగ్గర ఆపి చూడండి. తేడా అన్నిచోట్లా ఒకేలా ఉంటే ముల్లు తప్పుగా కూర్చుంది. ఒక్కోచోట ఒక్కోలా ఉంటే ముల్లు వదులైందో, డయల్ జరిగిందో. సెకన్ల ముల్లు చక్కగా నడుస్తూ మిగతా రెండూ వెనకబడుతుంటే అది వేరే జబ్బు. పెద్ద ముల్లు కూర్చునే గొట్టం లోపల పట్టు తప్పి జారుతున్నట్టు. అప్పుడు ముళ్లు ఎన్నిసార్లు సర్దినా దండగ.

నాది క్లాక్ టవర్ దగ్గర ఒక పెద్దాయన నా ముందే చేశాడు. కంటికి భూతద్దం తగిలించుకుని, గీతలు పడకుండా డయల్ మీద సన్నటి ప్లాస్టిక్ కాగితం పరిచి, రెండు బుల్లి మీటలతో ముళ్లు లేపాడు. చిన్నదాన్ని సరిగ్గా 12 మీద నొక్కి, దానిపైన పెద్దది. తేదీ లేని వాచీ కాబట్టి తేలికైంది. తేదీ ఉంటే, అది మారే క్షణం పట్టుకుని అక్కడ 12 పెట్టాలట. ఆ తర్వాత వాచీని పక్కకు వంచి, కీ తిప్పుతూ ముళ్ల మధ్య సందు చూడటానికే ఎక్కువసేపు తీసుకున్నాడు. "ఒకదానికొకటి తాకితే నడుమల ఆగిపోతది బిడ్డా" అన్నాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా గీత తప్పలేదు.

ఈ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం 2016లో ఓకే చెప్పేసింది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లకు దొరికేవి ఎక్కువగా పాతవే. డయల్‌కు కొత్త రంగేసి, వేరే మోడల్ ముళ్లు తగిలించినవి వాటిలో చాలా ఉంటాయి. పెద్ద ముల్లు నిమిషాల గీతల దాకా అందకపోతే అనుమానించండి. రంధ్రం సైజు కుదరని ముల్లు నాలుగు కుదుపులకే జారుతుంది. మా రూట్లో అయితే నల్లగొండ పొలిమేర కూడా దాటదు.